భర్త యూఎన్ మిషన్‌కి వెళ్తుంటే ఇంటి దగ్గర ముందే చక్కబెట్టుకోవాల్సిన పనులు

అడిగిన ప్రశ్న ఇది: ఊరు కావలి దగ్గర. పెళ్లయి ఎనిమిది నెలలు. భర్త ఆర్మీలో నాయక్, ఇన్‌ఫాంట్రీ. ఆయన పల్టన్‌కి దక్షిణ సూడాన్ యూఎన్ మిషన్ వచ్చిందంటున్నారు. ట్రైనింగ్ మొదలయ్యాక ఫోన్ సరిగా దొరకడం లేదు. ఈ సమయంలో ఆయనకి ఎట్లా తోడుగా ఉండాలి, ఏయే కాగితాలు చూసుకోవాలి, అత్తమామలతో ఎట్లా నెట్టుకురావాలి?

చెల్లెమ్మా, ధైర్యంగా ఉండమని చెప్పేవాళ్లు మీకు చాలామందే దొరుకుతారు. నేను పనుల గురించి చెప్తాను. మీ ఆయన అక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన సంతకం, ఆయన వేలిముద్ర, ఆయన ఫోన్‌కి వచ్చే ఓటీపీ, ఈ మూడింటి అవసరం లేకుండా మీ ఇల్లు నడవాలి. మీరు ఇవ్వగలిగిన తోడు ఇదే. మిషన్‌లో ఉన్న జవాను ఇంటికి ఫోన్ చేసినప్పుడు సగం సమయం బ్యాంకు గొడవ, గట్టు తగాదా, ఆగిపోయిన ఈఎంఐలకే పోతుంటుంది. అవన్నీ వెళ్లకముందు ఒక్క సెలవులో తీరిపోయే పనులు.

ముందు ఒక మాట. పేరు వచ్చినంత మాత్రాన వెళ్లినట్టు కాదు. మెడికల్ కేటగిరీ షేప్-1 (అంటే ఒంట్లో ఏ లోపం లేకుండా పూర్తి ఫిట్) ఉండాలి, ట్రైనింగ్ పూర్తవ్వాలి, రిజర్వులో పెట్టినవాళ్లు కొందరు ఇక్కడే ఉండిపోతారు, ఫ్లయిట్ తేదీలు జరుగుతాయి. కాబట్టి విమానం ఎక్కేదాకా ఊళ్లో చాటవద్దు. వెళ్తే మాత్రం సుమారు ఏడాది. కుటుంబాన్ని తీసుకెళ్లడం ఉండదు. అక్కడి మిషన్ 2011 జులైలో మొదలైంది, మన బెటాలియన్లు మలకాల్, బోర్ ప్రాంతాల్లో పనిచేస్తూ వచ్చాయి.

డబ్బు విషయంలోనూ ఊళ్లో లెక్కలు తప్పుగా తిరుగుతుంటాయి. సైనికులకిగాను ఐక్యరాజ్యసమితి ఇచ్చే నెలవారీ మొత్తం మన ప్రభుత్వానికి వెళ్తుంది, జవాను చేతికి రాదు. ఆయనకి జీతం ఇక్కడి ఖాతాలో ఎప్పటిలాగే పడుతుంది, దాని మీద విదేశీ అలవెన్సు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం వస్తుంది. యూఎన్ నేరుగా ఇచ్చే రోజువారీ భత్యం డాలరు 28 సెంట్లు మాత్రమే. ఆ అలవెన్సు ఖాతాలో పడకముందే దాన్ని నమ్ముకుని కావలి బైపాస్‌లో ప్లాటుకి అడ్వాన్సు ఇవ్వొద్దు. ఫ్లయిట్ ఆగిపోతే ఆ అడ్వాన్సు పోతుంది.

ఇక ట్రైనింగ్. ఇప్పుడు ఆయనకి ఫైరింగ్, కాన్వాయ్ డ్యూటీ, ఫస్ట్ ఎయిడ్, సివిలియన్ల రక్షణ, ఎప్పుడు కాల్చవచ్చు ఎప్పుడు కాల్చకూడదు అన్న నియమాలు, అక్కడి జనంతో ప్రవర్తన, ఇవన్నీ నేర్పుతుంటారు. ఢిల్లీలో యూఎన్ శాంతిదళాల శిక్షణ కేంద్రం 2000లో పెట్టారు, మిషన్‌కి వెళ్లే దళాలకి చివరి దశ శిక్షణ ఢిల్లీలోనే. ఫోన్లు జమ చేయించుకునే రోజులు ఉంటాయి. మీరు చేయాల్సింది: పగలు కాల్ చేయకండి, ఆయన్నే చేయనివ్వండి. చెప్పాల్సినవన్నీ ఒకే మెసేజ్‌లో రాసి పెట్టండి, ఫోన్ చేతికొచ్చిన పది నిమిషాల్లో చదువుకుని జవాబిస్తాడు. స్విచ్ ఆన్ చేయగానే ఇరవై మిస్డ్ కాల్స్ కనిపిస్తే ఆయన ముందు ఊహించేది చావు కబురే. నిజమైన అత్యవసరానికి మాత్రమే వాడే మాట ఒకటి ఇద్దరూ ముందే అనుకోండి. ఆ మాట లేకపోతే అంతా బాగున్నట్టే.

ఈ దశలో జవాన్లు నొప్పి దాస్తారు. షేప్-1 పోతే పేరు కొట్టేస్తారన్న భయం. కాలి ముందు ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగినంత ఒకేచోట నొప్పి ఉందా, పరుగు ఆపినా తగ్గదా, రాత్రి కూడా సలుపుతోందా అని అడగండి. అవునంటే అది మామూలు కండరాల నొప్పి కాకపోవచ్చు, ఎముకలో సన్నటి పగులు మొదలై ఉండవచ్చు. అప్పుడే ఆర్‌ఎంఓకి, అంటే యూనిట్ డాక్టరుకి చూపిస్తే కొన్ని వారాల విశ్రాంతితో పోతుంది. దాచి పరిగెత్తితే నెలలు పడుతుంది, మిషన్ ఎలాగూ పోతుంది. ఈ మాట పక్క జవాను చెప్తే వినడు, మీరు చెప్తే వింటాడు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేస్తారు, దానికి పసుపురంగు కార్డు ఇస్తారు. టీకా తర్వాత కొన్ని రోజుల్లో ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం రావచ్చు, దానికి కంగారు పడొద్దు. ఇప్పుడు ఆ టీకా జీవితాంతం చెల్లుతుంది కాబట్టి కార్డు పారేయకుండా దాచమనండి.

కాగితాల్లో మొదటిది, అన్నిటికన్నా పెద్దది, మీ పెళ్లి ఆయన రికార్డులో ఎక్కడం. పార్ట్-టూ ఆర్డర్ అంటారు. పెళ్లయి ఎనిమిది నెలలైంది కాబట్టి ఎక్కే ఉంటుందని అనుకోకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్, జాయింట్ ఫొటో, మీ ఆధార్ కాపీ ఆయన యూనిట్ ఆఫీసులో ఇచ్చి, ఆర్డర్ వెలువడిందో లేదో జవాన్లకి ఆర్మీ ఇచ్చే హమ్రాజ్ యాప్‌లో ఆయన్నే చూసి చెప్పమనండి. అది ఎక్కనంతవరకు ఆర్మీ లెక్కలో మీరు ఆయన భార్య కాదు. డిపెండెంట్ కార్డు రాదు, క్యాంటీన్ కార్డు రాదు, మిలిటరీ ఆసుపత్రిలో చూడరు, క్వార్టర్‌కి అర్హత రాదు.

ఇక్కడ మన జిల్లా వాళ్లకి తరచూ పడే చిక్కు పేరు దగ్గర. టెన్త్ మార్కుల లిస్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పెళ్లి సర్టిఫికెట్‌లో భర్త ఇంటిపేరుతో ఉంటుంది. లక్ష్మి అన్న పేరుకి ఒకచోట ఇంగ్లీషులో కే-ఎస్-హెచ్, ఇంకోచోట ఎక్స్. క్లర్కుకి మీరెవరో తెలియదు, అక్షరం కలవకపోతే ఫైలు వెనక్కి పంపుతాడు, ఆ రాకపోకల్లో రెండు మూడు నెలలు పోతాయి. కాబట్టి పెళ్లయింది కదా అని ఇప్పుడు ఇంటిపేరు మార్చుకోవద్దు. మార్చాలన్న నియమం ఏమీ లేదు. టెన్త్ లిస్టులో ఎట్లా ఉందో ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ అట్లాగే చేయించి, ఆ పేరునే పార్ట్-టూ ఆర్డర్‌కి ఇవ్వండి. ఆర్డర్ వచ్చాక అందులోని స్పెల్లింగ్ అక్షరం అక్షరం చదివి చూడమనండి. టైపింగ్ తప్పు ఆ వారంలో దిద్దించడం తేలిక, ఆయన దక్షిణ సూడాన్‌లో ఉండగా కష్టం.

తర్వాత నామినేషన్లు. పెళ్లికి ముందు చేరినవాళ్ల పత్రాల్లో అమ్మ పేరో నాన్న పేరో ఉంటుంది, అవి వాటంతట అవి మారవు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండ్, బ్యాంకు ఖాతా, పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్ లేదా ఎల్ఐసీ, వీలునామా విడివిడిగా చూడాలి. రికార్డులో నెక్స్ట్ ఆఫ్ కిన్‌గా (ఏదైనా జరిగితే కబురు చేయాల్సిన దగ్గరి మనిషిగా) మీ పేరు, మీ ఫోన్ నంబరు, మీరు ఇప్పుడు ఉంటున్న చిరునామా ఉందో లేదో అడగండి. అత్తగారింటి చిరునామా ఇచ్చి మీరు పుట్టింట్లో ఉంటే కబురు తప్పు గుమ్మానికి చేరుతుంది. ఇక్కడే ఇళ్లలో గొడవ మొదలవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: అన్నీ మీ పేరున రాయించుకోవాలని పట్టుబట్టకండి. ఫ్యామిలీ పెన్షన్‌లో నిబంధన ప్రకారమే భార్య ముందుంటుంది. ఆయన్ని పెంచి పంపిన అమ్మానాన్నలకి కొంత వాటా రాయించి, ఎవరికి ఎంతో ఆయనే మీ ముందూ వాళ్ల ముందూ చెప్పి వెళ్లడం మంచిది. ఈ మాట ఆయన నోటినుంచి రావాలి. మీరు చెప్తే అత్తగారికి అది లెక్కలా వినిపిస్తుంది.

ఇప్పుడు ఓటీపీ. ఆయన ఇక్కడి సిమ్ రీఛార్జ్ లేకుండా నెలల తరబడి మూలపడితే నంబరు రద్దయి ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఆ నంబరుకే బ్యాంకు, ఆధార్, పాన్, గ్యాస్, ఇన్‌కమ్ ట్యాక్స్ అన్నీ ముడిపడి ఉంటాయి. దానికి నెలనెలా వ్యాలిడిటీ రీఛార్జ్ మీరే చేయండి. ఇంటర్నేషనల్ రోమింగ్ వెళ్లకముందే యాక్టివేట్ చేయించుకుంటే మెసేజ్‌లు అక్కడికే అందుతాయి. ఇంటి ఖర్చుకి ఆయన ఓటీపీ మీద ఆధారపడే అలవాటు మాత్రం వద్దు. ఇద్దరి పేరున 'ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు' అన్న పద్ధతిలో జాయింట్ ఖాతా తెరిచి, మీ నంబరు, మీ ఏటీఎం కార్డు పెట్టుకోండి. జీతం పడిన మర్నాడు ఇంత మొత్తం ఆ ఖాతాకి తనంతట తానే మారేలా ఆయన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చి వెళ్లాలి. ఈఎంఐలకీ అంతే.

బంగారం లోన్ మాట అడిగి చూడండి. వ్యవసాయానికనో పెళ్లి ఖర్చుకనో ఆయన పేరున నగలు పెట్టి ఉంటే, డబ్బు మీరు కట్టినా నగ మీ చేతికి ఇవ్వరు, పెట్టినవాళ్లే రావాలంటారు. గడువు దాటితే వేలం నోటీసు మాత్రం ఇంటికే వస్తుంది. వెళ్లకముందే విడిపించి, అవసరమైతే మీ పేరున తిరిగి పెట్టండి. రేషన్ కార్డులో ఈ-కేవైసీ వేలిముద్ర బాకీ ఉంటే ఈ సెలవులోనే వేసి వెళ్లమనండి.

పొలం, ఇల్లు, కోర్టు పనులకి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అన్నిటికీ పనికొచ్చే జనరల్ పవర్ కన్నా, ఫలానా సర్వే నంబరు, ఫలానా పని అని రాసిన స్పెషల్ పవర్ మేలు. దాంతో ఎవరూ పొలం అమ్మేయలేరు, కావలసిన పని మాత్రం జరుగుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. నోటరీ స్టాంపుతో సరిపెట్టుకుంటే సరిగ్గా అవసరమైన రోజున ఆ కాగితం చెల్లదంటారు.

జవాను ఊళ్లో లేడని తెలిసి గట్టు జరిపేవాళ్లు ఉంటారు. అప్పుడు నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఆయన సర్వీసు నంబరు, యూనిట్ పేరు, పొలం పాస్‌బుక్ నకలు, రెండు ఫొటోలు తీసుకెళ్తే చాలు, వాళ్లు కలెక్టరుకి, తహసీల్దారుకి రాస్తారు. యూనిట్ సీఓ (కమాండింగ్ ఆఫీసరు) నుంచి కూడా కలెక్టరుకి లేఖ వేయించవచ్చు. రెండూ కలిసి వస్తే ఫైలు కదులుతుంది. సివిల్ కేసు నడుస్తుంటే 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం ఒకటి ఉంది. ప్రత్యేక పరిస్థితుల్లో డ్యూటీలో ఉన్న సైనికుడు హాజరు కాలేకపోతే విచారణ వాయిదా వేయించుకునే వీలు దాంట్లో ఉంది, మీ లాయరుకి గుర్తుచేయండి. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక కుటుంబాలకి ఉచిత న్యాయ సాయం మొదలుపెట్టింది, దాని గురించి కూడా సైనిక సంక్షేమ కార్యాలయంలోనే అడగవచ్చు.

వెళ్లాక ఫోన్ సంగతి. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి రాత్రి 8కి ఫోన్ పట్టుకుంటే మీకు 11:30. రోజూ అంతవరకు మేలుకుని ఉంటే రెండో నెలకే మీ ఒళ్లు చెడుతుంది. వారానికి రెండు మూడు రాత్రులు అనుకోండి, మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్ పెట్టుకోండి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు, దారులు బురదలో మునుగుతాయి, నెట్‌వర్క్ పోతుంది. దూరపు పోస్టుకి పెట్రోలింగ్ వెళ్తే కొన్ని రోజులు మాట ఉండదు. ఏదైనా ఘటన జరిగితే, కుటుంబానికి యూనిట్ నుంచే ముందు తెలియాలని ఫోన్లు ఆపేస్తారు కూడా. కాబట్టి మౌనాన్ని చెడ్డ వార్తగా తీసుకోకండి. ప్రమాదం లేదని మాత్రం నేను చెప్పను. 2013 ఏప్రిల్‌లో అదే దేశంలో కాన్వాయ్ మీద దాడిలో మన సైనికులు ఐదుగురు చనిపోయారు. టీవీలో ఏదైనా వస్తే యూట్యూబ్ చానళ్లు వెతక్కండి, యూనిట్ వెళ్లాక ఇక్కడ ఆఫీసు చూసుకుంటూ ఉండే రియర్ పార్టీకి ఒక్క ఫోన్ చేయండి. ఆ నంబరు, అక్కడ ఉండే సుబేదారు సాబ్ పేరు, మీ ఆయన సర్వీసు నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీ ఫోన్ పోయినా అత్తగారు చేయగలగాలి.

ఏం చెప్పాలి, ఏం దాచాలి అంటే, జరిగిపోయి చక్కబడినవన్నీ చెప్పండి. ఆయన అక్కడినుంచి ఏమీ చేయలేనివి, ఇంకా తేలనివి, చక్కబడ్డాక చెప్పండి. ఒంట్లో బాగోలేకపోవడం, ముఖ్యంగా గర్భం విషయం ఎప్పుడూ దాచొద్దు. వేరేవాళ్ల నోట వింటే ఆ తర్వాత మీరు బాగున్నామన్నా నమ్మడు.

ఫ్లయిట్ తేదీ, యూనిట్ పేరు, యూనిఫామ్ ఫొటో, నీలం టోపీ ఫొటో స్టేటస్‌లో పెట్టొద్దు. మీ తమ్ముళ్లకీ, బంధువుల పిలకాయలకీ ఇదే చెప్పండి, ఎక్కువగా బయటికి పొక్కేది వాళ్ల దగ్గరే. ఇంకొకటి: 'మీ ఆయనకి సెలవు మంజూరు చేయాలంటే యూఎన్‌కి ఫీజు కట్టాలి' అని వచ్చే ఫోన్లన్నీ మోసం. సెలవుకి యూఎన్ ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు.

ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే రియర్‌కి ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రి కాగితం ఫొటో తీసి పంపండి. మాట మీద కన్నా కాగితం మీద సెలవు త్వరగా కదులుతుంది. అయినా అనుమతి, విమానం, ఢిల్లీ, అక్కడినుంచి కావలి స్టేషన్, ఇదంతా కొన్ని రోజులు. పెద్దవాళ్లు ఎవరైనా పోతే ఆయన అంత్యక్రియలకి అందకపోవచ్చు. తల కొరివి ఎవరు పెట్టాలి, ఆయన కోసం ఎన్ని గంటలు ఆగాలి అన్నది వెళ్లకముందే ఆయనే మామగారితో మాట్లాడి వెళ్లడం మంచిది. అశుభం అని దాటేస్తే, ఆ రోజు ఆ నిర్ణయమంతా మీ నెత్తిన పడుతుంది.

అత్తమామల విషయం. కొడుకు గొంతు వినే హక్కు వాళ్లకీ ఉంది. వారంలో ఒక కాల్ నేరుగా వాళ్ల ఫోన్‌కే చేయించండి. మీ ఫోన్ వాళ్లకి అందించడం కన్నా ఇది ఎంతో గౌరవంగా ఉంటుంది. వాళ్లకి పంపే డబ్బు కూడా మీ ఖాతా మీదుగా కాకుండా మామగారి ఖాతాకి నేరుగా పడేలా పెడితే, చేయి చాచి అడిగే బాధ వాళ్లకీ ఉండదు, లెక్క చెప్పే బాధ మీకూ ఉండదు. మీరు క్వార్టర్‌లో ఉంటారా, ఊళ్లో ఉంటారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. భర్త దూరంగా ఉన్న కుటుంబాలకి ఇచ్చే ఎస్ఎఫ్ఏ క్వార్టర్లకి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, ఆయన వెళ్లాక పెడితే ఆయన వచ్చేసరికి వస్తుంది. కాన్పు సూచన ఉంటే మన వైపు వాళ్లకి దగ్గరి పెద్ద మిలిటరీ ఆసుపత్రి చెన్నైలో. బయట ఆసుపత్రిలో కాన్పయితే 21 రోజుల్లోపు జనన నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్‌తో బిడ్డ పేరు కూడా పార్ట్-టూ ఆర్డర్‌లో ఎక్కించాలి.

అగ్నివీర్‌కి పిల్లనివ్వాలని మాట అనుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: నాలుగేళ్లూ పెళ్లి కుదరదు. చేసుకుంటే ఉద్యోగం పోతుంది. ముహూర్తం ఆ తర్వాతే పెట్టుకోండి.

సర్దడం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. బరువు పరిమితి యూనిట్ చెప్తుంది, ఆ లోపే సర్దాలి. నూనె పచ్చళ్లు విమానంలో ఒత్తిడికి కారిపోయి, యూనిఫామ్ మొత్తం పాడుచేస్తాయి. పొడులు పంపండి: కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం. పప్పులు బాగా వేయించి, పూర్తిగా చల్లారాక దంచి, అరకిలో చొప్పున వాక్యూమ్ ప్యాక్ చేయించండి. వేడి మీద మూటగడితే లోపల చెమ్మ పట్టి నెలకే బూజొస్తుంది. అయిదు కిలోల డబ్బా ఒకటి పెడితే బారక్‌లో తెరిచిన వారానికే అయిపోతుంది, అరకిలో ప్యాకెట్లయితే నెలకొకటి తెరుచుకుంటాడు.

తిరిగొచ్చాక ఒక జాగ్రత్త ఉంది, ఇది మాత్రం మరవొద్దు. దక్షిణ సూడాన్‌లో మలేరియా ఎక్కువ, అదీ ప్రాణాంతకమైన ఫాల్సిపరం రకం. అక్కడ ఉన్నన్నాళ్లూ నివారణ మాత్రలు ఇస్తారు. డాక్సీసైక్లిన్ ఇస్తే ఇంటికొచ్చాక కూడా 4 వారాలు రోజూ వేసుకోవాలి. అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు. ఇంటికొచ్చాను కదా అని చాలామంది మొదటి వారమే ఆపేస్తారు. వచ్చిన మూడు నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకండి. అదే రోజు రక్తపరీక్ష ఉన్న ఆసుపత్రికి వెళ్లి, అడగకపోయినా 'ఈయన ఆఫ్రికా నుంచి వచ్చారు' అని మీరే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మన దగ్గర డాక్టరు డెంగీ అనో వైరల్ అనో మొదలుపెడతారు. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ రక్తం ఇవ్వండి, ఒక్కసారి నెగెటివ్ వస్తే సరిపోదు.